ముందు సీటు

1996 జనవరి 8

యాభై ఏళ్ళు వచ్చాక డైరీ మొదలుపెట్టేవాళ్ళు మంత్రులైనా అయి ఉండాలి, మతి చెడినవాళ్ళైనా అయి ఉండాలి. నేను చర్చి బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించే దీవెనమ్మను. ఒక్క మాట దాచుకోవడానికి ఇంత ఊర్లో చోటు దొరకక కలం పట్టాను. మా ఆయనకు, అంటే మోషే నాయనకు, చెబితే టీ అంగడికి చేరుతుంది. స్త్రీల సమాజంలో ప్రార్థన మనవిగా చెబితే ఆమెన్ అనేలోగా వీధి దాటుతుంది. నేరుగా దేవునికే చెప్పుకుందామంటే పాస్టరుగారు గొంతెత్తి ప్రార్థించమంటారు. గొంతెత్తితే గోడకు అవతల ఖాతూన్‌బీ వింటుంది. ఎత్తడానికి నాకు అంత గొంతూ లేదు. పెళ్ళిచూపుల్లో మా అత్త "పిల్ల మూగదేమో కనుక్కోండప్పా" అన్నదట.

ఈ డైరీ పెద్దాయన కొత్త సంవత్సరానికి ఊరంతా పంచినది. అట్ట మీద ఆయన చేతులు జోడించి నవ్వుతున్నాడు. బడిపిల్లల పుస్తకానికి వేసినట్టు పేపరు అట్ట వేసేశాను. ఆయన చూస్తుండగా రాయడం నావల్ల కాదు. ఆయన పేరు కూడా రాయను. ఈ చుట్టుపక్కల పెద్దాయన అంటే ఒక్కడే, ఆయనంటే పడనివాడిని అవతలాయన అంటాము. ఇద్దరికీ పార్టీలున్నాయి, జీపులున్నాయి, చెరొక వైపు సమాధులున్నాయి. మాకు అంతకుమించి వివరం అక్కర్లేదు.

అసలు విషయం సంతోషకరమైనదే. నిన్న పెద్దాయన మా కొడుకు మోషేను తన జీపులో ముందు సీట్లో కూర్చోబెట్టి ప్రొద్దుటూరు టోర్నమెంటుకు పంపాడు. మా పేటవాళ్ళు ఆ జీపును కడిగారు, బురదలో దిగబడితే తోశారు, దాని వెనక పరుగెత్తారు. ముందు సీట్లో కూర్చున్నవాడు మాత్రం మా చర్చివాళ్ళలో ఇంతవరకూ పుట్టలేదు. మా వాడు పుట్టాడు.

సంతోషమైతే డైరీ ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. అడిగేవాళ్ళు లేరు కాబట్టి చెప్పను.

జనవరి 12

మోషే నాయన ఈ వారంలో వాలీబాల్ పండితుడైపోయాడు. పోయిన నెలదాకా ఆయన దృష్టిలో అది బంతి తట్టుకునే పనిలేని ఆట. ఇప్పుడు టీ అంగడిలో గ్లాసును నెట్టుగా, బిస్కత్తును బంతిగా పెట్టి పాఠం చెబుతున్నాడు.

"వెనకోడు ఎత్తిచ్చిన బంతిని మనోడు నెట్టు కాడ వేళ్ళతో లేపుతాడప్పా. లిఫ్టర్ అంటారు. కొట్టేటోడు వేరే. యాడ కొట్టాల, ఎవుడు కొట్టాల అనేది మాత్రం మనోని తలకాయలోది. అరిచేతులు ఎవునికైనా ఉంటాయి. వేళ్ళు శానా తక్కువ మందికి ఉంటాయి."

"నీకున్నాయి కదా యోబప్పా, టీ దుడ్లు ఇచ్చేటప్పుడే కనపడవు" అన్నాడట అంగడి నబీ రసూల్.

జనవరి 20

పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. నిజానికి వీధి మొదట్లో ఆగి మోషే నాయనను పిలిపించాడు. కానీ మా వీధిలో దాన్ని ఇంటికి రావడమనే అంటారు. కుర్చీ తెప్పించి మోషే నాయనను కూర్చోమన్నాడు. ఈయన ముప్పై ఏళ్ళుగా ఆ మనిషి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాడు. ఎలా కూర్చోవాలో తెలియక అంచుమీద కోడిలా వాలాడు.

"యోబప్పా, నీ కొడుకు నా పానం. లిఫ్టర్ అంటే ఏంది? జట్టుకు తలకాయ. తలకాయను కాపాడుకోవాలనా, వద్దా? యాడికి పోయినా ఆరుగురు మనుషులు వాని చుట్టూరా ఉంటారు. వాని కోసం ప్రొద్దుటూరులో తెల్లచొక్కాలు కుట్టిస్తాండా. కొలతలు కూడా తీసుకునే పని లేదు, పిల్లోడు అచ్చం నా అంతే ఉండాడు."

మోషేను మీసం పెంచమన్నాడు. లిఫ్టర్‌కు మీసం ఉంటే అవతలి జట్టు జడుసుకుంటుందట.

పోతూ ఒక బియ్యం మూట దింపించాడు.

జనవరి 23

ఖాతూన్‌బీ మూడు రోజులుగా గోడ మీదనుంచి పలకరించడం లేదు. కారణం తెలిసిందే. ఆమె కొడుకు దావూద్ నిన్నటిదాకా జట్టుకు లిఫ్టర్. ఇరవై ఎనిమిదేళ్ళవాడు, కువైట్‌లో నాలుగేళ్ళు పనిచేసి వచ్చాడు. మా మోషేకు ఈ ఆటలో ఏబీసీడీలు నేర్పింది వాడే, ఆ మాట కాదనను. ముందు సీట్లో కూడా పోయిన ఏడాది వాడే కూర్చునేవాడు. తర్వాత జీపు ఎక్కితే కడుపులో తిప్పుతుందని వెనక బండిలోకి మారాడు. కువైట్‌కు విమానంలో పోయి వచ్చినవాడికి ప్రొద్దుటూరుకు జీపులో కడుపు తిప్పుతుందట.

ఈర్ష్యకు ఎన్ని రోగాలో.

ఫిబ్రవరి 4

షంషుద్దీన్ సార్ వచ్చాడు. జమ్మలమడుగు హైస్కూల్లో మోషేకు ఆటల సారు. కూర్చోమంటే కూర్చోడు. నిలబడే టీ తాగుతాడు, నిలబడే తిడతాడు.

"హైదరాబాదులో గవర్నమెంటు డిపార్టుమెంటు జట్టోళ్ళు పిల్లోల్ని ఏరుకుంటాండారు దీవెనమ్మా. మోషే పేరు రాసిస్తిని. పంపియ్యి. రెండేండ్లు నేర్పిస్తారు."

"ఆడిస్తారా సారూ?"

"మొదటి ఏడు ఆడియ్యరు. బెంచీ మీద కూచోబెట్టి చూడమంటారు."

నా కొడుకు బెంచీ మీద కూర్చోవడానికి హైదరాబాదు దాకా పోవాలా, మా చర్చిలో బెంచీలు లేవా అనిపించింది. పైకి అనలేదు. మోషే అన్నాడు.

"ఈడ నేను ప్రతి మ్యాచీ ఆడతాండా సార్."

"అదే కదరా నేను ఏడ్చేది. నీ వెనకాల ఉండేటోళ్ళు ఎవురు? పెద్దాయన మనుషులు. కండలుండాయి, మొదటి బంతి ఎత్తిచ్చేది మాత్రం రాదు. ఒకడు గోడకు కొడతాడు, ఒకడు చెట్టుకు కొడతాడు. నువ్వు ఆ బంతుల కోసం కుక్క మాదిరి ఉరుకుతాండావు. పోయినసారి మోకాలు పట్టుకున్న్యావా, లేదా? లిఫ్టర్‌ను కాపాడేది కండలు కాదురా, వెనకోడు ఇచ్చే మంచి మొదటి బంతి. అది లేకపోతే ఎంత మొనగాడైనా రెండేండ్లకు కుంటోడైతాడు."

మోషే నాయన కల్పించుకున్నాడు. "సారూ, మా వాని చుట్టూ ఆరుగురు ఉండారు."

"కోర్టు బయట" అన్నాడు సార్. గ్లాసు నా చేతికిచ్చి పోయాడు.

చదువుకున్నవాళ్ళకు ఎదుటివాళ్ళ గౌరవం చూస్తే అరగదు.

ఫిబ్రవరి 19

శివరాత్రి తిరునాళ్ళలో మనవాళ్ళు గెలిచారు. పెద్దాయన మోషేకు పూలదండ వేశాడు. నేను చూడలేదు, మోషే నాయన పదకొండుసార్లు చెప్పాడు.

దావూద్ మధ్యాహ్నం గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"పెద్దమ్మా, మోషేను ముందర కూచోనియ్యాకు."

"ఎందుకు నాయనా?"

నా వైపు చూశాడు, వీధి వైపు చూశాడు. "ఎండ పడుతుంది" అన్నాడు.

ఎండ పడుతుందట.

ఫిబ్రవరి 26

మైదుకూరు నుంచి వస్తుంటే ముందు జీపు అద్దానికి రాయి తగిలి పగిలింది. ఎవరో ఆకతాయి పిల్లలట. మోషే బుగ్గ మీద చిన్న గీత. ఆరుగురూ నవ్వుకున్నారట. మోషే కూడా నవ్వానన్నాడు. అలా చెప్పేటప్పుడు గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు.

ఆ సమయానికి పెద్దాయన మూడో బండిలో ఉన్నాడు. ముందర కూర్చుంటే ఆయనకు గాలి పడదట.

ఆయనకు గాలి పడదు. దావూద్‌కు ఎండ పడదు. మా వాడొక్కడే ఆరోగ్యవంతుడు.

మార్చి 10, ఆదివారం

పాస్టరుగారు ఊరియా మీద ప్రసంగించారు. చిన్నప్పటినుంచి వింటున్న కథ. రాజు తన సైనికుడు ఊరియాను ఇంటికి పిలిపించాడు, ఆదరించాడు, వెనకనే తినడానికి బహుమానం పంపించాడు. తర్వాత యుద్ధం ముమ్మరంగా ఉన్నచోట ముందు నిలబెట్టించి చంపించాడు. పాస్టరుగారు రాజు పాపం గురించి, పశ్చాత్తాపం గురించి గంటసేపు చెప్పారు. నాకు బహుమానం దగ్గరే ఆగిపోయింది.

బియ్యం మూట.

తెల్లచొక్కా. అచ్చం నా అంతే ఉండాడు. మీసం.

ప్రక్కన ప్రేమమ్మ "ఏమ్మే, అట్లున్నావు, నీళ్ళు తాగుతావా" అన్నది. తాగాను. ముందు జీపు, తెల్లచొక్కా, మీసం. దూరంనుంచి ఎవరైనా ఎవరనుకుంటారు? మేము కూడా ఆయననే చూశాం ఆ సీట్లో. కొడుకును చూడలేదు. ఇన్నేళ్ళు ఎవరూ కూర్చోమనని జాతి మాది. ఎవరో కూర్చోమనగానే అది ఏ సీటో చూసుకోకుండా కూర్చున్నాం.

మార్చి 11

రాయలేను.

మార్చి 14

మోషే నాయనతో అన్నాను. ఆయన అన్నం కలుపుతూ ఆగలేదు. చాలాసేపు కలిపాడు.

"తెలుసునా నీకు?" అని అడిగాను.

"తెలిసీ తెలియనట్టుండాది."

"ఎప్పటినుంచి?"

"అద్దం పగిలినప్పటినుంచి." తర్వాత మెల్లగా అన్నాడు. "కుర్చీ ఏసినాడు దీవెనా."

ఆ మాట ఆయన సమర్థించుకోవడానికి అనలేదు. ఎవరో కొట్టారని చెప్పే పిల్లవాడిలా అన్నాడు. నాకు కోపం రావలసింది, రాలేదు.

"వద్దని చెప్పు" అన్నాను.

"వద్దంటే అవతలోనితో కలిసినామంటాడు. రెండు దిక్కులా పోతాం."

మోషేకు చెప్పాలా అంటే, పందొమ్మిదేళ్ళవాడు, వాడు పోయి నిలదీస్తాడు. లేదా నమ్మడు. రెండూ ప్రమాదమే. మన పిల్లలను మనమే మోసం చేసి కాపాడుకోవాలి. ఇది కూడా ఒక శిక్షణే.

మార్చి 16

దావూద్ ఇంటి వెనక మేకకు ఆకులు వేస్తున్నాడు. ఖాతూన్‌బీ లేని వేళ చూసి వెళ్ళాను.

"ఎండ అంటివి కదా నాయనా."

"మరేమని చెప్పాల పెద్దమ్మా? ఆ మాట నోటితో అంటే నా కాళ్ళతో నేను ఊరు దాటను. మూడో బండిలో పెద్దాయన తలకు తువ్వాల చుట్టుకొని మేస్త్రీ మాదిరి కూచుంటాడు. ముందర తెల్లచొక్కా. ఇది వాని తాత కాలంనుంచి ఉండే పద్ధతి. కడుపు తిప్పుతాదని చెప్పి నేను తప్పించుకుంటి. మోషేను పట్టుకుంటాడని నాకేం తెలుసు?"

"మరి ఏం చెయ్యాల?"

"మీ సామిని అడుగు, మా సామిని నేను అడుగుతా. ఇద్దరిలో ఎవురికి తీరికుంటే వాళ్ళు." నవ్వాడు. తర్వాత అన్నాడు, "ఒకటి మాత్రం ఉంది. ఆడోళ్ళుండే బండి మీద అవతలోళ్ళు చెయ్యెత్తరు. ఈ సీమలో అదొక్క కట్టుబాటు ఇంకా ఉంది."

మనుషులను చంపడానికి కూడా మర్యాదలుంటాయి. మా ఊరు అంత వెనకబడినదేమీ కాదు.

మార్చి 18

ఆడోళ్ళుండే బండి.

మార్చి 21

పెద్దాయన ఇంటికి వెళ్ళాను. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, చేతిలో బైబిలు పట్టుకుని. ఎన్నికలు దగ్గర పడ్డాయి కాబట్టి ఆయనకు ఈమధ్య అన్ని మతాల మీద భక్తి ఎక్కువైంది.

"ఏం దీవెనమ్మా, ఇంత దూరం?"

"అయ్యా, బిడ్డకు దిష్టి తగులుతాంది. అద్దం పగిలింది. మీరు ఆరుగురిని పెట్టినారు, మీ మేలు మరిచిపోము. మా స్త్రీల సమాజం కూడా తీర్మానం చేసుకున్న్యాం. ఇంగ మీద వాడు యాడికి పోయినా, ఆ జీపులోనే కూచుని పాటలు పాడుకుంటా వస్తాం. ప్రార్థన మించిన కాపుదల లేదు గదయ్యా."

"జీపులోనా?"

"ముందర నేను వాని పక్కన సర్దుకుంటా. వెనకాల ప్రేమమ్మ, ఎలిజబెత్, ఇంగ ఇద్దరు ముగ్గురు. మా పేట ఓట్లన్నీ ఒకే జీపులో ఉన్నట్టుంటుంది."

ఆ ఓట్లు అనే మాట నాకు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. పరిశుద్ధాత్మ ఏ పదాలు వాడుతుందో మనం చెప్పలేము. పెద్దాయన మీసం దువ్వుకుని, సరే అన్నాడు. ఒకసారికి అనుకుని ఉంటాడు.

మార్చి 25

పులివెందుల టోర్నమెంటుకు పోయివచ్చాము.

రాసేలోగా నవ్వు వస్తున్నది. దేవుడు క్షమించాలి. ముందు సీట్లో మోషే, వాడి ఒడిలో సగం నేను. వెనక ఎలిజబెత్ కంజీర కొడుతుంటే ఐదుగురం గొంతు కలిపాము. ఆరుగురు కాపలావాళ్ళకు చోటు లేక రెండో బండిలో కుక్కుకున్నారు. మోషే సిగ్గుతో చచ్చిపోయాడు. "అమ్మా, దిగి బస్సులో రాగూడదా" అని ముద్దనూరు దాకా బతిమాలాడు. ముద్దనూరు దాటాక టోపీ మొహం మీదకు లాక్కున్నాడు. మంచిదే, మీసం కనబడలేదు.

తొండూరులో టీకి ఆపారు. జనం మూగారు. ఒకడు అడిగాడు:

"ఏమప్పా, మీ పెద్దాయన పార్టీ మార్చినాడా? భజన పార్టీలో చేరినాడా?"

ఇంకొకడు నెమ్మదిగా, అందరికీ వినబడేటంత నెమ్మదిగా అన్నాడు: "పార్టీ కాదులేరా. కొంగు చాటున వస్తాండాడు."

మూడో బండిలో తలకు తువ్వాల చుట్టుకున్న మేస్త్రీ టీ గ్లాసు కింద పెట్టేశాడు.

పోయేటప్పుడు మేము గొంతు పెంచాము. నా గొంతు కూడా లేచింది. దారిపొడుగునా పొలాల్లో మనుషులు పని ఆపి చూశారు. ఇంతమంది సువార్త వినడం మా పాస్టరుగారి సేవలోనే జరగలేదు.

మార్చి 28

కబురు వచ్చింది. వెళ్ళాను. కుర్చీ వేయలేదు.

"దీవెనమ్మా, ఇంగ సాలు. జిల్లా అంతా నవ్వుతాండారు. ఆడోళ్ళను అడ్డం పెట్టుకొని తిరుగుతాండానంట."

"అయ్యో. మేము బిడ్డ కోసం గదయ్యా వచ్చింది. ఆ మాట మీకెందుకు తగులుతుంది?"

ఆయనకు అర్థమైంది. నాకు అర్థమైందని కూడా అర్థమైంది. నేను తల వంచుకుని బైబిలు అట్ట మీద దుమ్ము తుడిచాను. ముప్పై ఏళ్ళ అలవాటు, ఎంత బాగా పనికివచ్చిందో.

"మీరు మాన్తారా, మానరా?"

"వాడు ఆ జీపులో ఉన్నన్ని దినాలు రాకుండా ఉండలేమయ్యా. తీర్మానం చేసుకున్న్యాం."

"అయితే వాన్ని తీసుకపోండి. హైదరాబాదుకో, యాడికో. షంషుద్దీన్ తిరుగుతాండాడు గదా."

"మీ దయ అయ్యా. సీటు ఖాళీగా ఉంటుందని దిగులు పడాకండి. ప్రొద్దుటూరు బట్టల అంగళ్ళ ముందర బొమ్మలుంటాయి. తెల్లచొక్కా శానా బాగా నప్పుతుంది."

"ఏమంటివి?"

నా గొంతు ఎవరికీ వినబడదు. ఎంత మేలు.

"దేవుడు మిమ్మల్ని దీవించాలంటిని అయ్యా."

ఏప్రిల్ 1

మోషేను ప్రొద్దుటూరులో బస్సు ఎక్కించాము. షంషుద్దీన్ సార్ తోడు పోయాడు. మోషే నాతో మాట్లాడలేదు. బస్సు కదిలేటప్పుడు కిటికీలోనుంచి అన్నాడు:

"అందరికీ సంతోషమే గదా. నాకు బెంచీ, ఇంగొకనికి ముందు సీటు."

తెల్లచొక్కాలు ఇంట్లోనే విసిరేసి పోయాడు. ఉతికి, మడిచి, పెద్దాయనకు తిప్పి పంపాను. మీసం గీసుకోమని మాత్రం మూడుసార్లు చెప్పాను. బైబిలులో మోషే తల్లి బిడ్డను బతికించుకోవడానికి జమ్ముపెట్టెలో పెట్టి నీళ్ళలో వదిలింది. నాకు ఆర్టీసీ బస్సు దొరికింది. నేనే అదృష్టవంతురాలిని.

ఏప్రిల్ 9

మోషే జాబు. బెంచీ గట్టిగా ఉందట. రోజంతా పెద్ద లిఫ్టర్ వేళ్ళను చూడడమే పనట. ఇక్కడ వెనకవాళ్ళు ఇచ్చే మొదటి బంతి పువ్వులా వస్తుందట, ఉరకక్కర్లేదట. మోకాలి నొప్పి తగ్గిందట. నా మీద కోపం తగ్గలేదట.

ప్రభువా, నా కొడుకును ఆ బెంచీ మీదనుంచి కదిలించకు.

ఏప్రిల్ 15

ఎన్నికల తిరుగుళ్ళు ఎక్కువయ్యాయి. ముందు సీటు ఖాళీగా ఉండడం పెద్దాయనకు నచ్చలేదట. మోషేను వారంరోజులకు పిలుచుకుని రమ్మని హైదరాబాదుకు మనుషులను పంపుతున్నాడని నబీ రసూల్ చెప్పాడు. మోషే నాయన అన్నం తినలేదు. ప్రేమమ్మ కంజీర తీయనా అని అడిగింది. ఈసారి ఆడవాళ్ళను జీపు దగ్గరికి రానివ్వరట.

ఏప్రిల్ 17

మనుషులు పోలేదు. దావూద్‌కు కడుపు తిప్పడం తగ్గిందట. ముందు సీట్లో వాడే కూర్చుంటున్నాడు.

చూడు, ఆశ ఎంత మంచి మందో. వాడు పెద్దవాడు, వాడి ఇష్టం. వాడికి అన్నీ తెలుసు. నేనేమీ అడగలేదు.

ఏప్రిల్ 18

నేనేమీ అడగలేదు.

ఏప్రిల్ 22

ఈరోజు దావూద్ గోడ దగ్గర కనబడ్డాడు. తెల్లచొక్కా. నేను ఉతికి మడిచినదే, భుజాల దగ్గర బిగుతుగా ఉంది. "బాగుండావా పెద్దమ్మా" అన్నాడు. బాగున్నానన్నాను. ఎండ గురించి నేనేమీ అనలేదు. గుడ్డలు ఆరవేసే పని ఉంది.

ఏప్రిల్ 29

బక్రీదు నిన్న. ఖాతూన్‌బీ మా ఇంటికి సేమ్యా పాయసం పంపింది.

ఈరోజు పొద్దున జమ్మలమడుగు దారిలో ముందు జీపు మీద బాంబు వేశారు.

ఏప్రిల్ 30

ప్రాణం ఉంది. కడపలో ఉన్నాడు.

మే 3

కడప ఆసుపత్రికి వెళ్ళాము. డ్రైవరుకు కాలు. దావూద్‌కు ఎడమచెయ్యి. బాంబు వస్తుంటే చేతులు ఎత్తాడట, బంతికి ఎత్తినట్టు. ఆ చేతికి మూడు వేళ్ళు లేవు.

పెద్దాయన మాకన్నా ముందే వచ్చి పోయాడు. ఆపిల్ పండ్లు, బ్రెడ్డు. దేవుడే నన్ను కాపాడినాడు అని అందరికీ చెప్పి పోయాడట. దేవుడు ఆయనను ఎప్పుడూ ఇంకొకరి చేతులతోనే కాపాడతాడు.

ఖాతూన్‌బీ నా చెయ్యి పట్టుకున్నది. "నీ బిడ్డ తప్పించుకున్నాడు దీవెనక్కా. నీ ప్రార్థన గట్టిది. నా ప్రార్థనే యాడో తప్పిపోయింది."

ఆమెకు నేను చెప్పవలసిన మాట ఒకటి ఉంది. నా గొంతు మెత్తనిదని ఊరంతా మెచ్చుకుంటారు. అది ఈరోజు నాకు బాగా అక్కరకు వచ్చింది. ఒక్క మాట కూడా బయటికి రాలేదు.

ఆమె నీళ్ళకు పోయినప్పుడు దావూద్ కళ్ళు తెరిచాడు.

"చొక్కా బిగుతు పెద్దమ్మా. దాన్ని చూసైనా నేను పెద్దాయన కాదని తెలుసుకుంటారనుకుంటి. అవతలోళ్ళకు కుట్టుపని తెలియదు."

నవ్వబోయాడు, నొప్పి పెట్టింది.

"ఎందుకు కూచుంటివి నాయనా?"

"మనుషులు బస్సు కాడికి పోతాండారు, మోషేను పిలుచుకొని వచ్చేకి. కడుపు బాగైంది పెద్దాయనా అంటిని. అంతే." కుడిచేత్తో దుప్పటి పైకి లాక్కున్నాడు. "లిఫ్టర్‌కు మొదటి బంతి మంచిగా ఇయ్యాల గదా. వెనకోని పని అదే."

నేను ఆ మాటను షంషుద్దీన్ సార్ నోట విన్నాను. అప్పుడు టీ గ్లాసు కడగడం మీద ధ్యాస ఉంది.

"మోషేకు చెప్పాకు పెద్దమ్మా. బంతి కింద నిలబడినోని తలకాయలో ఇంగో మాట ఉండకూడదు. వేళ్ళు బిగుసుకుంటాయి."

మే 5

ఈర్ష్యకు ఎన్ని రోగాలో అని జనవరిలో రాశాను. ఆ పేజీ చించేద్దామనుకున్నాను. చించలేదు. ఉండనీ.

మే 12

మోషే జాబు. ఈసారి కోపం లేదు. పెద్ద లిఫ్టర్‌కు జ్వరం వస్తే సాధనలో ఒక ఆట వీడిని ఆడించారట. "అమ్మా, బంతి కింద వేళ్ళు ఎట్ల పెట్టాలో ఇక్కడ కోచ్ చెప్పేది, దావూదన్న మన పెరట్లో చెప్పిందే. ఆయనకు చెప్పు. వచ్చేటప్పుడు ఆయనకు మంచి బంతి కొనుక్కొస్తా."

జవాబు రాశాను. అందరమూ క్షేమం, దావూదన్న నిన్ను అడిగాడు అని. అబద్ధమేమీ లేదు. అక్షరాలు వంకర పోకూడదని మెల్లగా రాశాను.

బైబిలులో మోషే చేతులు ఎత్తి ఉంచినంతసేపు ఆయన జనం యుద్ధం గెలుస్తుంటారు. చేతులు బరువెక్కితే ఇద్దరు ఆ పక్క ఈ పక్క నిలబడి ఆదుకుంటారు. పిల్లలకు ఈ పాఠం ఎన్నిసార్లు చెప్పానో. ఆదుకున్నవాళ్ళ చేతులు సాయంత్రానికి ఏమయ్యాయని ఒక్క పిల్లా అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇక రాయను. నా తర్వాత ఈ పుస్తకం ఎవరి చేతికి వస్తుందో తెలియదు. వచ్చినవారు పేపరు అట్ట తీయకుండా, ఎక్కడ ఉన్నదాన్ని అక్కడే, పెట్టెలో బట్టల కింద ఉంచాలి. పొయ్యిలో వేయవద్దు, ఆ మూడు వేళ్ళ సంగతి ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. ఖాతూన్‌బీకి చదివి వినిపించవద్దు, ఆమెకు నేనే చెబుతాను. ధైర్యం వచ్చినప్పుడు. మోషేకు మాత్రం ఆటలో ఉన్నన్నాళ్ళు చూపించవద్దు. వాడు ఇంకా బంతి కిందే నిలబడి ఉన్నాడు.